హగరి వంతెన దాటాక

తెలుగు నాటక చరిత్ర ఏ పుస్తకం తెరిచినా మొదటి అధ్యాయాల్లోనే బళ్లారి వస్తుంది. ఆంధ్ర నాటక పితామహుడని పేరు పడ్డ ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటక సభ పెట్టింది అక్కడ. చారిత్రక నాటకానికి బాట వేసిన కోలాచలం శ్రీనివాసరావు వకాల్తా చేసింది అక్కడ. తాడిపత్రి రాఘవాచార్యులు ఊరి పేరునే ఇంటిపేరుగా చేసుకుని బళ్లారి రాఘవ అయింది అక్కడ. ఇంత చేసిన ఊరు ఇవాళ తెలుగు రాష్ట్రంలో లేదు. ఆ నాటకం ఇప్పుడక్కడ ఏమైంది, ఎవరు మోస్తున్నారు, ఊరికి దానితో ఇంకా పనుందా అని చాలాకాలంగా తెలుసుకోవాలని ఉంది. గుంతకల్లులో బళ్లారి బండి ఎక్కింది అందుకే.

సుమారు యాభై కిలోమీటర్ల దారి. నల్లరేగడి చేలు, పత్తి, మిరప, మధ్యలో గుండ్రాళ్ల గుట్టలు. పెట్టెలో నా ఎదుట కూర్చున్న పెద్దాయన భార్యతో తెలుగులో, ఫోనులో కన్నడంలో మాట్లాడుతున్నాడు. ఒకే వాక్యంలో సగం ఇది, సగం అది. బళ్లారి ఇంకా కొంత దూరం ఉందనగా హగరి వంతెన వచ్చింది. పైన వేదవతి అనిపించుకునే ఏరు. ఎండాకాలం కావడంతో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కనిపించింది. "నాటకాలు చూడ్డానికి వస్తాండారా?" అని పెద్దాయన ఆశ్చర్యపోయాడు. "అయితే ఊళ్లలోకి పోవాలప్పా. టౌనులో పేర్లుంటాయి. ఆట ఊళ్లల్లో ఉంటాది."

ఆ మాట తర్వాత నాకు చాలా పనికొచ్చింది.

బళ్లారి పుట్టుకతోనే సరిహద్దు జిల్లా కాదు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లో ఒకటి. థామస్ మన్రో ఏలిన నేల. అనంతపురం కూడా 1882 దాకా బళ్లారి జిల్లాలో భాగమే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. మిగతాది మైసూరుకు పోయింది. బళ్లారి తాలూకా ఎవరిదన్నది తేల్చడానికి జస్టిస్ మిశ్రాతో విచారణే జరపాల్సి వచ్చింది. 2021లో హొసపేట వైపు తాలూకాలు విజయనగర జిల్లాగా విడిపోయాయి. అలా తరిగి తరిగి మిగిలిన జిల్లా ఇది. ఎన్నిసార్లు గీత మారినా గీతకు రెండు పక్కలా అవే పొలాలు, అవే జాతరలు, అవే వియ్యాలు.

రైలు దిగగానే స్టేషనులోనే మొదటి మజిలీ. 1921 అక్టోబరులో గాంధీ ఇక్కడ ఆగిన గుర్తును ఊరు భద్రంగా దాచుకుంది. ఆయనకు స్వాగతం చెప్పేది మేమంటే మేమని తెలుగు, కన్నడ కాంగ్రెసు వర్గాలు పంతానికి పోవడం వల్ల ఆయన స్టేషనులోనే గంటల తరబడి ఉండిపోయారని ఊళ్లో చెబుతారు. ఆ కథ చెప్పిన ఆటో డ్రైవరు గొంతులో గర్వమూ ఉంది, సిగ్గూ ఉంది. అతను నన్ను కోట గుట్ట కింద ఒక హోటలు దగ్గర దింపాడు. బొరుగుల ఉగ్గాని, పక్కన వేడివేడి మిరపకాయ బజ్జీ. అనంతపురం వాడు, కర్నూలు వాడు ఎవడైనా సొంతింట్లో ఉన్నాననుకునే ఫలహారం.

బళ్లారి గుట్ట ఏకశిల. దాని పైన పాలెగాడి కోట, కింద హైదరాలీ కట్టించిన కోట. ఎదురుగా కుంబార గుట్ట. ఈ రెండు రాళ్ల మధ్య పరుచుకున్న ఊళ్లో పంతొమ్మిదో శతాబ్దం చివర ఒక పెద్ద కంటోన్మెంటు, జిల్లా కోర్టు, మిషన్ బడి ఉండేవి. నాటకానికి కావలసిన మనుషులు ఆ కోర్టు నుంచే వచ్చారు. ప్లీడర్లు, గుమాస్తాలు, బడిపంతుళ్లు. ధర్మవరం వారిది సరస వినోదిని సభ, కోలాచలం వారిది సుమనోరమ సభ. రెండింటికీ పోటీ. ఊరు రెండు పక్షాలై చూసేదట. ఆ పోటీ తెలుగు నాటకానికి చేసిన మేలు ఇంతా అంతా కాదు.

ధర్మవరం వారు పాటలూ పద్యాలూ నాటకంలోకి ధారాళంగా తెచ్చారు. 'విషాద సారంగధర'తో తెలుగు ప్రేక్షకుడికి విషాదాంతం రుచి చూపించారు. మంగళం పాడి ఇంటికి పంపడం అలవాటైన జనాన్ని కన్నీళ్లతో పంపడానికి చాలా ధైర్యం కావాలి. కోలాచలం వారిది ఇంకో దారి. ప్రపంచ నాటక చరిత్ర మీద 1908లోనే ఇంగ్లీషులో పుస్తకం రాసిన పండితుడాయన. ఇక్కడికి హంపి అరవై కిలోమీటర్లు. ఆ శిథిలాల నీడలో పుట్టి పెరిగిన జనం ముందు ఆయన విజయనగర పతనాన్ని ఆడించాడు. ఆ 'రామరాజు' నాటకంలో పఠాన్ రుస్తుం వేషం రాఘవను తెలుగు దేశమంతటా తెలిసేలా చేసింది. తమ పూర్వీకులు ఎందుకు ఓడిపోయారన్న ప్రశ్నను రాత్రంతా కూర్చుని పదిమందితో కలిసి ఆలోచించడానికి అప్పట్లో ఈ ఊరికి ఉన్న చోటు నాటకశాలే. పురపాలక సంఘంలో ఓటున్నది పిడికెడు మందికి. నాటకశాలలో చాప మీద కూర్చునే హక్కు అణాలు పెట్టగలిగిన వాడెవడికైనా ఉండేది.

రాఘవ పేరిట కట్టిన కళామందిరానికి వెళ్లాను. రాఘవ స్మారక సంఘం ఏటా ఆయన జయంతికి, ఆగస్టు 2న, సభలు జరిపి కళాకారుల్ని సత్కరిస్తుంది. నేను వెళ్లినప్పుడు పగటిపూట. వేదిక మీద ఎవరో మైకులు సరిచూసుకుంటున్నారు. గోడ మీద రాఘవ చిత్రం. 1880లో పుట్టి 1946 ఏప్రిల్ 16న పోయాడు. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం పుట్టినరోజు కూడా. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు నాటకరంగ దినోత్సవం చేసేది ఆ రోజునే.

రాఘవ గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు, చూపు, ఒథెల్లో, షైలాక్, హిరణ్యకశిపుడు అని చెబుతారు. 1927లో గాంధీ ముందు 'దీనబంధు కబీరు' ఆడటం, 1928లో ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాను కలవడం చెబుతారు. అవన్నీ గొప్పవే. నన్ను పట్టి నిలిపేది వేరే సంగతి. ఆయన క్రిమినల్ లాయరు. పొట్టకూటికి నాటకం ఆడలేదు. మీసాలు తీసేసి చీరె కట్టుకున్న మగవాడు శకుంతలగా నిలబడితే జనం నోరు తెరుచుకుని చూసే కాలంలో, ఆడవేషం ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టాడు. చెప్పి ఊరుకోలేదు. చదువుకున్న కుటుంబాల స్త్రీలను వేదిక మీదికి తెచ్చాడు. కొమ్మూరి పద్మావతీదేవి ఆయనతో నటించారు. 'తప్పెవరిది' వంటి సాంఘిక నాటకాలు ఆడి, దంపతుల మధ్య మాట, ఇంటి లోపలి అన్యాయం బజారు మధ్య చర్చకు పెట్టాడు. ఆ నాటకం రాసిన పి.వి. రాజమన్నార్ తర్వాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీకి తొలి అధ్యక్షుడూ ఆయనే. న్యాయం చెప్పే పనీ నాటకం ఆడే పనీ ఒకే మనిషికి సహజంగా అబ్బిన తరం అది. రెండింటికీ కావలసింది ఎదుటివాడి పక్షం వినగలగడమే గదా.

రాఘవ తెలుగులోనే ఆగలేదు. కన్నడంలో, హిందీలో, ఇంగ్లీషులో ఆడాడు. ఆయనతో తిరిగి, ఆయన దగ్గర నేర్చుకున్నవారిలో జోళదరాశి దొడ్డనగౌడ ఒకరు. కన్నడ గమక కళలో పెద్ద పేరు. పల్లెటూరి రైతు కుటుంబం నుంచి వచ్చి రెండు భాషల వేదికల మీదా నిలిచాడు. ఇప్పుడు బళ్లారిలో ఆయన పేరిట కూడా ఒక రంగమందిరం ఉంది. తెలుగు నటుడి పేరు ఒక హాలుకు, ఆయన కన్నడ శిష్యుడి పేరు ఇంకో హాలుకు. రెండింటిలోనూ రెండు భాషల కార్యక్రమాలు జరుగుతాయి. ఈ ఊరి మంచితనానికి ఇంతకంటే రుజువు అడగను.

అట్లని ఈ మంచితనం ఊరికే వచ్చిందనీ, ఎప్పుడూ నిలిచిందనీ అనలేను. 1953లో రాష్ట్రాల పంపకం వేళ ఇక్కడ భాషల మధ్య మంట రేగింది. మైసూరులో కలిసే సంబరానికి వేసిన పందిరిని కాపలా కాస్తున్న రంజాన్ సాబ్ మీద సెప్టెంబరు ఆఖరి రాత్రి ఆమ్లం పోశారు. ఆయన ప్రాణం పోయింది. తెలుగు పాఠకులు ఈ పేరు వినడం అరుదు. మన పుస్తకాల్లో బళ్లారి చేజారిందన్న బాధ ఉంటుంది గానీ ఈ మనిషి చావు ఉండదు. ఉండాలి. రాఘవ పోయి అప్పటికి ఏడేళ్లు. కబీరు వేషం చూసిన ఊరే ఆ రాత్రినీ చూసింది. కళ ఉన్నంత మాత్రాన మనుషులు మంచివాళ్లయిపోరు. ఆ తర్వాత కూడా రెండు భాషల వాళ్లు ఒకే హాల్లో పక్కపక్కన కూర్చోవడం మానుకోలేదన్నదే ఇక్కడ చెప్పుకోదగ్గది. కూర్చునే చోటు మిగిలి ఉండబట్టే అది సాధ్యమైంది.

కళామందిరం చూసుకునే ఆయనతో మాట్లాడుతుంటే లెక్కలు వచ్చాయి. హాలు అద్దె, కరెంటు, తెరలు, కుర్చీల మరమ్మతు. "పెళ్లిళ్లకిస్తే రెండింతలొస్తాది సార్" అన్నాడు. "కానీ నాటకం వాళ్లు ఎక్కడికి పోతారు?" ఆ ప్రశ్నకు ఆయనే రోజూ జవాబు వెతుక్కోవాలి. ఒక ఊళ్లో చెరువు పూడిపోతే అందరికీ తెలుస్తుంది. నాటకశాల ఫంక్షన్ హాలుగా మారిపోతే ఎవరూ ధర్నా చేయరు. రెండూ ఊరి ఉమ్మడి ఆస్తే.

మర్నాడు దరోజి బయల్దేరాను. సండూరు తాలూకా. ఈ వైపు రోడ్లన్నీ ఇనుప ఖనిజం దుమ్ముతో ఎర్రబారి ఉంటాయి. లారీల వెనక లారీలు. దరోజి అంటే అందరికీ ఎలుగుబంట్ల అభయారణ్యం గుర్తొస్తుంది. నాకు గుర్తొచ్చేది బుర్రకథ ఈరమ్మ.

ఈరమ్మ బుడగ జంగాల స్త్రీ. అక్షరం రాదు. తండ్రి దగ్గర నేర్చుకున్న కథలు నోటనే నిలిపింది. పన్నెండు పెద్ద కథాకావ్యాలు, అచ్చు వేస్తే వేల పేజీలు. కంపిలి వీరుడు కుమారరాముడి కథ అందులో ఉంది. మనకు తెలిసిన బాలనాగమ్మ ఉంది. బబ్బులి నాగిరెడ్డి ఉన్నాడు. బుడగ జంగాలు ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు. ఈరమ్మ జనానికి చెప్పింది కన్నడంలో. చేతిలో బుర్ర, పక్కన వంత పాడే బంధువులు, ఊరి గడప గడపా ఆమె వేదిక. హంపి కన్నడ విశ్వవిద్యాలయం వారు ఆమె పాడుతుంటే రికార్డు చేసి పుస్తకాలుగా తెచ్చారు. కర్ణాటక ప్రభుత్వం 1999లో రాజ్యోత్సవ పురస్కారం ఇచ్చింది. నాడోజ గౌరవం వచ్చింది, జానపదశ్రీ వచ్చింది. 2014 ఆగస్టులో కన్ను మూసింది.

ఊళ్లో ఒక అరుగు మీద కూర్చున్న ముసలామెను అడిగాను. ఈరమ్మ పాట విన్నావా అవ్వా అని. "ఎన్ని రాత్రిళ్లో నాయనా" అంది తెలుగులోనే. "కుమారరామన్న తల తెగే కాడికి వచ్చేసరికి మేమంతా ఏడ్చేవాళ్లం. మొన్న చచ్చిపోయినోడికి ఏడ్చినట్టు." ఆ వీరుడు పోయి ఏడువందల ఏళ్లు. గుమ్మటదుర్గం మీద ఢిల్లీ సైన్యం పడినప్పటి కథ. ఆ వీరుణ్ని చదువుకోని వాళ్లు మరిచిపోకుండా ఇన్ని తరాలు నిలిపింది ఈరమ్మలాంటి వాళ్లు. ప్రభుత్వ దఫ్తరాల్లో వీళ్లకు కులపత్రం దొరకడమే గగనం. ఊరి చివర గుడిసె, బడి మానేసిన పిల్లలు. మన ఊళ్ల జ్ఞాపకాన్ని కాపాడినవాళ్లకు మనం ఇచ్చింది సన్మానసభలో శాలువా. ఈరమ్మకు బిరుదులొచ్చాయి. ఆమె తర్వాత ఆ పన్నెండు కథల్లో ఎన్నిటిని ఒక రాత్రంతా చెప్పగల గొంతు తయారైందో వెతుక్కుంటే నాకు దిగులేసింది. పుస్తకం దాచగలిగేది మాటనే. మాట ఎక్కడ ఆగాలో, ఎక్కడ గుక్కతిప్పుకోకుండా పోవాలో ఇంకో మనిషి పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే. ఆ నేర్చుకునే పిల్లకు నెలకింత అని ఇచ్చే ఏర్పాటు బిరుదుకంటే ముందు రావాలి.

తోలుబొమ్మల మాటా ఇక్కడే చెప్పాలి. బళ్లారికి చెందిన బెళగల్లు వీరన్న రామాయణంతో ఆగకుండా స్వాతంత్ర్యపోరాటాన్నీ గాంధీ కథనూ తోలుబొమ్మల్లో ఆడించాడు. 2023 ఏప్రిల్‌లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. తొంభై ఏళ్లు దాటినా ప్రయాణాలు మానని మనిషి. సరిహద్దుకు ఇటువైపు ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తరతరాలుగా ఈ బొమ్మలాడించే కుటుంబాలు ఇంట్లో మరాఠీ యాస మాట్లాడతాయి. గీతకు ఒకవైపున కన్నడంలో, ఇంకోవైపున తెలుగులో ఆడతాయి. మూడు భాషల నేల ఇది. ఆ బొమ్మకు మాత్రం ఏ భాషా పరాయిది కాదు.

తిరిగి బళ్లారి వచ్చి సంగనకల్లు వెళ్లాను. ఊరికి దగ్గరే. ఇక్కడి గుట్టల మీద నాలుగైదు వేల ఏళ్ల కిందటి పశుపాలకులు, రైతులు బతికారు. 1872లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఈ చోటును గుర్తించాడు. తర్వాత తవ్వి చూసి 'బళ్లారి రాతియుగ సంస్కృతులు' అని 1948లో పుస్తకం రాసినవాడు మన తెలుగువాడే, బెండపూడి సుబ్బారావు. బళ్లారిలో ఫూట్ పేరిట మ్యూజియం ఉంది. పనిముట్లు, కుండలు, బూడిద దిబ్బల సంగతులు శ్రద్ధగా అమర్చారు. పిల్లల్ని తీసుకెళ్లాల్సిన చోటు.

గుట్ట మీద ఎద్దుల బొమ్మలు రాతిలో తొలిచి ఉన్నాయి. పొడవాటి కొమ్ములు, మూపురాలు. మనుషులు వరసగా నిలబడి ఆడుతున్నట్టున్న బొమ్మలూ ఉన్నాయి. ఇక కుప్పగల్లు గుట్టలోని మోగే రాళ్లు. నల్లటి డోలరైటు బండలు. వాటి మీద గిన్నె గుంటలు, చేతిలో పట్టే రాయితో ఏళ్ల తరబడి కొట్టగా పడ్డవి. కొడితే గంట మోగినట్టు మోగుతాయి. వాటి మీద నికోల్ బోవిన్ అనే శాస్త్రవేత్త 2004లో వ్యాసం ప్రచురించాక ప్రపంచానికి మళ్లీ తెలిశాయి. నన్ను తీసుకెళ్లిన పశువుల కాపరి ఒక బండను గులకరాయితో తాకించి వినిపించాడు. కింద చేలల్లో ఉన్నవాడికీ వినపడేంత మోత. ఆ బొమ్మలు, ఆ రాళ్లు ఉన్న చోట ఒక్కడు కూర్చుని చేసుకునే పని కాదది. గుట్ట ఎక్కి, నలుగురూ చేరి, ఒకరు కొడితే ఇంకొకరు ఆడి, చూసేవాళ్లు చూడాల్సిన పని. రాతికట్టడాలు, గుళ్లు, చట్టాలు, జిల్లాలు ఏవీ లేనప్పుడు కూడా జనం ఇక్కడ ఇందుకోసం కూడారు. అదే గుట్టను గ్రానైటు కోసం పేల్చారు కొన్నాళ్లు. కంకరగా అమ్మితే లారీకి ఎంతొస్తుందో లెక్క తేలుతుంది. మోగే రాయి ధర ఏ క్వారీ లైసెన్సులోనూ రాయరు.

రైల్లో పెద్దాయన మాట మరవలేదు. టౌనులో ఒక నటిని కలిశాను. పేరు రాయొద్దంది. బళ్లారిలో ఇలాంటి వృత్తి నటీమణులు చాలామంది ఉన్నారు. చుట్టుపక్కల పల్లెల్లో రైతులు నాటకం ఆడాలనుకుంటే మగవేషాలు ఊరివాళ్లే వేస్తారు. ద్రౌపదికి, సుభద్రకు, ఉత్తరకు బళ్లారి నుంచి ఆడవాళ్లను పిలిపించుకుంటారు. ఈ దారిలో నడిచి పెద్ద పేరు తెచ్చుకున్న మనిషి సుభద్రమ్మ మన్సూరు. చిన్నపిల్లగా వేదిక ఎక్కి, 'రక్తరాత్రి' ద్రౌపదిగా కన్నడ దేశమంతా గుర్తుంచుకునేలా ఆడి, పాడి, 2020లో పోయింది. నేను కలిసిన నటి ఆమె ఫోటోకు దండ వేసి పెట్టుకుంది.

ఆమె ఇల్లు రెండు గదులు. గోడవారగా కిరీటాల పెట్టె, నగల డబ్బా. ద్రౌపది భాగం తెలుగులో ఒక నోటుపుస్తకం, కన్నడంలో ఒక నోటుపుస్తకం. "ఏ ఊరు పిలిస్తే ఆ పుస్తకం తీస్తానన్నా" అంది. బస్సు దిగి సాయంత్రం ఊరు చేరుతుంది. దుర్యోధనుడితో ఆమెకు ముఖపరిచయం కూడా ఉండదు. ఒక్కసారి మాటలు సరిచూసుకుని, అర్ధరాత్రి దాటాక సభలో అతని ముందు నిలబడి వాదిస్తుంది. తెల్లవారి మళ్లీ బస్సు. కష్టమేమిటని అడిగితే పద్యం గురించో, నిద్ర గురించో చెప్పలేదు. "డబ్బు తెల్లారి ఇస్తామంటారు. తెల్లారేసరికి పెద్దమనుషులు ఇంటికి పోయుంటారు. మనం అరుగు మీద కూర్చోవాల. రాత్రి ద్రౌపదమ్మా అని చేతులెత్తి మొక్కినోళ్లే పొద్దున ఏమే అంటారు." అంతకుమించి ఫిర్యాదు లేదు. వేషం అంటే ప్రాణం. కూతుర్ని మాత్రం నర్సింగు చదివిస్తోంది.

రాఘవ స్త్రీలను వేదిక మీదికి పిలిచి నూరేళ్లు కావస్తోంది. పిలుపు అందుకుని వచ్చినవాళ్లలో చదువుకున్న కుటుంబాల వారి పేర్లు చరిత్రకెక్కాయి. పల్లె పల్లెకూ ఆ కళను మోసుకెళ్లినవాళ్లకు ఇంకా అరుగు మీద నిరీక్షణే. నాటకం సమాజానికి మేలు చేస్తుందని వ్యాసం రాసే నాబోటివాళ్లు ముందు ఈ అరుగు దగ్గర ఆగాలి.

ఆమే తను ఆడబోయే ఒక ఊరి పేరు చెప్పి, సాధన చూసి రమ్మంది. మోకా దాటి లోపలికి వెళ్లే పల్లె. జాతరకు 'కురుక్షేత్రం' పెట్టారు. బడి ఆవరణలో ట్యూబులైటు వెలుగు. హార్మోనియం మాస్టారు ఆలూరు వైపు నుంచి వచ్చిన మనిషి. నెలల తరబడి వచ్చి నేర్పుతున్నాడు. కృష్ణుడికి కిరాణా కొట్టు. భీముడు ట్రాక్టరు నడుపుతాడు. కర్ణుడు దళితవాడ కుర్రాడు, బెంగళూరులో కట్టడం పనికి పోయి సాధన కోసం తిరిగొచ్చాడు. దుర్యోధనుడు ఊరి పెద్ద ఆసామి కొడుకు. కర్ణుడికి రాజ్యమిచ్చి పక్కన కూర్చోబెట్టుకునే ఘట్టం వచ్చినప్పుడు ఆసామి కొడుకు ఆ కుర్రాడి భుజం మీద చేయి వేయాలి. మొదట్లో వేయడానికి మొహమాటపడ్డాడని, మాస్టారు తిట్టి తిట్టి వేయించాడని పక్కనాయన చెవిలో చెప్పాడు. "ఇప్పుడు బండి మీద ఇద్దరూ ఒకటిగానే వస్తాండారు" అన్నాడు. వేషం తీసేశాక ఊళ్లో ఎంత మారుతుందో చెప్పడానికి నేను చాలను. ఒక ఘట్టం సరిగ్గా రావాలంటే ఆ చేయి ఆ భుజం మీద పడక తప్పదన్నది మాత్రం కళ్లారా చూశాను.

ఊరి కమిటీ చందా పుస్తకం నా చేతికిచ్చారు. ఎవరెంత ఇచ్చారో వరసగా. వడ్ల బస్తాలు కొందరివి, నగదు కొందరిది, భోజనం ఖర్చు ఒకరిది, లైటింగు ఇంకొకరిది. ప్రాచీన ఏథెన్సులో కలవారు నాటక బృందం ఖర్చు భరించడం యుద్ధనౌకను పోషించినట్టే పౌర బాధ్యతగా ఉండేది. పేదలు నాటకం చూడటానికి నగర ఖజానా డబ్బిచ్చేది. హగరి ఒడ్డు పల్లెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చందా పుస్తకంలో మొదటి పేజీ చెరువు కాలువ పూడిక తీతకు, తర్వాతి పేజీలు నాటకానికి.

పుస్తకం తిరగేస్తూ నటీమణుల లెక్క ఎక్కడని అడిగాను. ఆఖరి పేజీలో ఉంది. ముగ్గురికి ఇంత, "ఆట అయినాక" అని రాసి ఉంది. నేను బళ్లారిలో విన్న మాట, పేరు చెప్పకుండా, అందరి ముందూ చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకరు ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతే అన్నారు. ఇంకొకరు ముందే ఇస్తే రాకుంటే ఏం చేయాలన్నారు. హార్మోనియం మాస్టారు అందుకున్నాడు. "సీనరీ వానికి అడ్వాన్సు ఇస్తిరి. మైకు వానికి ఇస్తిరి. వాళ్లు రాకుంటే ఏం చేస్తారు? నాకు కూడా ఇస్తిరి గదా." కర్ణుడు వేసే కుర్రాడు మెల్లగా, సగం వచ్చిన రోజు, సగం పౌడరు వేసుకునే ముందు ఇద్దామన్నాడు. దుర్యోధనుడు సరేనన్నాడు. పెద్దలు గొణుక్కున్నారు, లెక్కలు వేసుకున్నారు, చివరికి ఒప్పుకున్నారు. కమిటీ కార్యదర్శి "ఆట అయినాక" అన్నది కొట్టేసి పక్కన కొత్త షరతు రాసి, కింద నలుగురి చేత సంతకాలు పెట్టించాడు. కాగితం మీద లేకుంటే తెల్లారేసరికి మాట మారుతుందని ఆయనే అన్నాడు. మాస్టారు హార్మోనియం తిత్తి నొక్కి, "రాయబారం పద్యం, కృష్ణుడెక్కడ, కొట్టు మూసినాడా లేదా" అని కేక వేశాడు.